ఇంటిపేరు లేని కంచాలు

మన ఇళ్ళల్లో స్టీలు గిన్నె కొంటే పేరు కొట్టించకుండా ఇంటికి తెచ్చుకునే అలవాటు లేదు. చెంచాల మీద కూడా కొట్టించుకునే మహానుభావులున్నారు. పెళ్ళికిచ్చిన బిందె మీద ఇచ్చినవాళ్ళ పేరు, ఎవరో పోతే పంచిన గ్లాసు మీద పోయినవాళ్ళ పేరు. ఏ పేరుకైనా ముందు ఇంటిపేరు ఉండాల్సిందే. పక్కింటికి పులిహోరతో వెళ్ళిన పళ్ళెం మళ్ళీ తన గూటికి చేరేది ఆ నాలుగక్షరాల చలవతోనే. నిడదవోలు బజారులో ఆ అక్షరాలు కొట్టే చెయ్యి తటవర్తి మీనాకుమారిది. ఆ చెయ్యే ఇంత పనీ చేసింది. కావాలని చేసిందా అంటే, అంత మాట అంటే కళ్ళు పోతాయి. పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటారే, అది ఈవిడ విషయంలో అక్షరాలా జరిగింది.

మీనాకుమారికి యాభై రెండేళ్ళు. భర్త పోయి నాలుగేళ్ళయింది. పిల్లల్లేరు. స్టీలు సామాన్ల కొట్టు, కొట్టు మీద రెండు గదులు. ఒక గదిలో తనుంటుంది. రెండో గదిలో ఆయన చొక్కాలు, ఆయన కుర్చీ, ఆయన పాత కాటా. దానికి తాళం వేసి ఉంచుతుంది. ఎందుకు వేశావని ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

రెండేళ్ళ క్రితం బజారులో కొట్లవాళ్ళంతా కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నారు. రైల్వే స్టేషన్ బయటా, కాలవ గట్టునా, మూసేసిన దుకాణాల అరుగుల మీదా ఇల్లూ వాకిలీ లేకుండా బతికేవాళ్ళకి మధ్యాహ్నం పూట అన్నం పెట్టాలని. రోజుకో కొట్టు వంతు. ఎరువుల వ్యాపారి కుక్కుటేశ్వరరావుగారు ఖాళీగా పడున్న తన బియ్యం గోడౌను ఇచ్చాడు. ఆయనే ఈ సంఘానికి పెద్ద. తినేవాళ్ళు కూడా ఊరికే కూర్చోరు. కూరలు తరిగేది వాళ్ళే, నేల కడిగేది వాళ్ళే, జ్వరమొచ్చి రాలేనివాడికి క్యారేజీ పట్టుకెళ్ళేది వాళ్ళే. ఇది దానం కాదు, వంతు అని మీనాకుమారి పదేపదే అనేది. పదిమంది ముందు ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహం కాస్త వెలిగేది కూడా. మనిషి కదా మరి.

మొదట్లో కాగితం ప్లేట్లలో పెట్టేవారు. పప్పు పోస్తే ఒంగిపోయేవి, గాలొస్తే ఎగిరిపోయేవి. ఒకరోజు పెదబాబు అనే ఆయన, అరవై దాటినవాడు, ఎగిరిపోతున్న తన ప్లేటు వెంట పరిగెత్తి బోర్లా పడ్డాడు. ఒకప్పుడు కడియం నర్సరీల్లో లారీలకి మొక్కలెక్కించిన మనిషి. అందరూ నవ్వారు. పెదబాబు కూడా మోచెయ్యి తుడుచుకుంటూ నవ్వాడు. మీనాకుమారికి మాత్రం ఒళ్ళు మండిపోయింది. మర్నాడే కొట్లోంచి ముప్ఫై నాలుగు స్టీలు కంచాలు తెచ్చి, పేర్లు కొట్టే మిషను గోడౌనులో బల్ల మీద పెట్టుకుని, ఒక్కొక్కరినీ పిలిచి కూర్చోబెట్టింది. మనిషన్నాక తన పేరున్న కంచం ఒకటుండాలని ఆవిడ పట్టుదల. ఎప్పుడైనా ఊరొదిలి వెళ్ళిపోతే కంచం పట్టుకుపొమ్మని కూడా చెప్పింది.

ఇరవై ఐదుగురు ఇంటిపేరు, ఊరి పేరు చెప్పారు. వాళ్ళకవన్నీ కొట్టింది. వాళ్ళ వెనకాల ఎక్కడో ఒక అన్నో, కొడుకో, మాట్లాడని మేనమామో ఉన్నాడు. తొమ్మిది మంది చెప్పలేదు. పెదబాబు చిన్నప్పుడే రైలెక్కి వచ్చేశాడు, తెలియదు. లోవరాజు అనే కుర్చీలల్లే మనిషి తెలిసినా చెప్పనన్నాడు, వాళ్ళు తనని వదిలేశాక ఆ పేరు తనకెందుకన్నాడు. హారతి అనే పాతికేళ్ళ పిల్లకి ఆ పేరు అనాథాశ్రమంలో పెట్టిందే, దాని ముందు ఇంకేమీ లేదు. స్టేషన్ దగ్గర పడుకునే భీమరాజు ఊరికే తల అడ్డంగా ఊపాడు. మాణిక్యాంబది ఉప్పాడ. చీరలు నేసిన చెయ్యి. ఆ వీధంతా సముద్రం లాక్కుపోయింది, మగ్గంతో సహా. మొగుడు అంతకు ముందే పోయాడు.

"ఇల్లే పోయాక ఇంటిపేరేంటండీ. మాణిక్యాంబ అని కొట్టండి చాలు," అంది.

మీనాకుమారి అలాగే కొట్టింది. తొమ్మిది కంచాల మీద ఉత్త పేర్లు. తన కంచం చేతికి రాగానే పెదబాబు దాన్ని అద్దంలా మొహానికెదురుగా పట్టుకుని, తల దువ్వుకున్నట్టు నటించి అందరినీ నవ్వించాడు. ఆ నవ్వుకి ఆవిడ చేతిలో మిషను సూది జారి, అప్పుడే మొదలెట్టిన లోవరాజు కంచం అంచు మీద చిన్న గీత పడింది. తిన్నాక ఎవరి కంచం వాళ్ళు కడుక్కుని గోడవారనున్న చెక్క అరలో నిలబెట్టేవారు. గోడౌనులోకి రాగానే ముందు కనబడేది ఆ అరే. వచ్చినవాళ్ళంతా ఫోటోలు తీసుకునేవారు.

అలా వచ్చినవాడే బుల్లబ్బాయి. నీళ్ళ టిన్నులు సరఫరా చేసే వాన్ ఉంది. నలభై ఐదేళ్ళుంటాయి, ఉతికిన తెల్లచొక్కా, మెత్తటి మాట. నోట్లో వేలు పెడితే కొరకడు. ఏ పని చెప్పినా "ఆయ్, అలాగేనండి అక్కగారూ" అనేవాడు. రోజూ నీళ్ళు ఉచితంగా తెచ్చేవాడు, తనే గ్లాసుల్లో పోసేవాడు, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే వాన్‌లో ఆసుపత్రికి తీసుకెళ్ళేవాడు. ఇలాంటివాడు ఊరికొకడుంటే చాలని కుక్కుటేశ్వరరావుగారు మురిసిపోయేవాడు.

ఒక మధ్యాహ్నం నీళ్ళు పోయడం అయ్యాక బుల్లబ్బాయి ఆ అర ముందు నిలబడి కంచాలన్నీ ఒక్కొక్కటే చదివాడు. తర్వాత మీనాకుమారిని మర్యాదగా అడిగాడు, కొన్నిటికి ఇంటిపేరు లేదేంటని. ఆవిడ చెప్పింది. పూసగుచ్చినట్టు చెప్పింది. వీళ్ళకి ఎవరూ లేరు, అడిగేవాళ్ళు లేరు, రేపు ఏదైనా అయితే కబురు పంపడానికి కూడా దిక్కులేదు, అందుకే వీళ్ళని ఇంకాస్త జాగ్రత్తగా చూసుకోవాలి అంది. చెబుతూ కళ్ళు తుడుచుకుంది కూడా.

"ఆయ్, చూసుకుందామండి," అన్నాడు బుల్లబ్బాయి.

రెండు నెలలు తిరక్కుండా పెదబాబుకి తుని నుంచి తమ్ముడొచ్చాడని తెలిసింది. వచ్చినట్టు ఎవరూ చూడలేదు. బుల్లబ్బాయే స్టేషనులో కలిసి మాట్లాడి, పెద్దాయన్ని వాన్‌లో దింపి వచ్చానన్నాడు. పెదబాబు కూడా ముందురోజు, అవును తమ్ముడే అని, ఎటో చూస్తూ చెప్పాడు. గోడౌనులో అందరికీ లడ్డూలు పంచారు. నెలన్నర తర్వాత లోవరాజుకి మేనల్లుడు దొరికాడు. సంక్రాంతి వెళ్ళాక హారతికి ఎవరో పెద్దమ్మ దొరికింది. ప్రతిసారీ లడ్డూలే. వెళ్ళినవాళ్ళు కంచాలు పట్టుకుపోయారు కాబట్టి అరలో మూడు ఖాళీలు పడ్డాయి. ఆ ఖాళీలు చూసి మీనాకుమారి గర్వపడేది. ఇప్పుడు ఆ మాట పైకి అనడానికి ఆవిడకి నోరు రాదు.

ప్రతి మంగళవారం పొద్దున్న విజయ్ పాల్ కొట్టుకి వస్తాడు. మోపెడ్ మీద ప్లాస్టిక్ టబ్బులు కట్టుకుని సముద్రం వైపు ఊళ్ళన్నీ తిరిగి, పాత స్టీలు తీసుకుని టబ్బులిస్తాడు. ఆ పాత సామాను గోతాంలో వేసుకొచ్చి మీనాకుమారికి తూకానికి వేస్తాడు. ఆ మంగళవారం గోతాం బోర్లించి, పగిలినవి ఒక పక్కకీ సొట్టపడినవి ఒక పక్కకీ వేరుచేస్తుంటే ఆవిడ చేతికో కంచం తగిలింది. అంచు చుట్టూ నాలుగు బెజ్జాలు. మేకు పెట్టి కొట్టినవి. ఒక బెజ్జంలో తెగిన నైలాన్ తాడు ముక్క వేలాడుతోంది. అడుగున నాచు పట్టింది. కుళ్ళిన చేపల పొడి వాసన గుప్పుమంది. వేరే పక్కకి విసరబోయి, అలవాటు కొద్దీ బొటనవేలితో అంచు రుద్దింది.

పెదబాబు అని ఉంది.

తను కొట్టిన అక్షరం తనకి తెలియకుండా ఎలా ఉంటుంది? అయినా నమ్మకం కుదరక చీర చెంగుతో తుడిచింది, వెలుతురులోకి పట్టుకెళ్ళి చూసింది. అదే పేరు, అదే చేతిరాత. గోతాంలో చెయ్యి పెట్టి వెతికితే ఇంకోటి దొరికింది. అదీ అంతే, నాలుగు బెజ్జాలు. దాని అంచు మీద సూది జారిన గీత ఉంది.

విజయ్ పాల్‌ని అడిగింది. అతను దాపరికం లేకుండా చెప్పాడు. రొయ్యల చెరువుల దగ్గర కాపలావాడు ఇచ్చాడట. రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూడటానికి పళ్ళేనికి తాళ్ళు కట్టి చెరువులోకి దించుతారట, ఇవి అలా వాడి పారేసినవట. అక్కడ పెదబాబనే మనిషెవరైనా ఉన్నాడా అంటే విజయ్ పాల్ కాసేపు టబ్బుల కట్టు సర్దుకుంటూ ఉండిపోయాడు.

"పేర్లు తెలీదండి అమ్మగారూ. గట్టు చివర రేకుల షెడ్డు ఒకటుంది. లోపల మనుషులున్నారండి. దగ్గు వినపడింది. గొళ్ళెం మాత్రం బయట పెట్టుంది," అన్నాడు. వెళ్ళబోతూ మళ్ళీ ఆగి, నీళ్ళ టిన్నుల వాన్ ఒకటి అటు వచ్చిపోతుంటుందని కూడా చెప్పాడు.

మీనాకుమారి కొట్టు కట్టేసి గోడౌనుకి నడిచింది. ఇంకా వంట మొదలవలేదు, ఎవరూ లేరు. అర ముందు నిలబడింది. ముప్ఫై ఒక్క కంచాలు. మూడు ఖాళీలు. బుల్లబ్బాయి నిలబడ్డ చోటే నిలబడి, వాడు చదివినట్టే ఒక్కొక్కటీ చదివింది. ఇంటిపేరున్న ఇరవై ఐదుగురిలో ఒక్కరంటే ఒక్కరు కూడా ఎక్కడికీ పోలేదు. అన్నదమ్ములున్నవాడికి అన్నదమ్ములు రాలేదు. కొడుకున్నదానికి కొడుకు రాలేదు. ఎవరూ లేనివాళ్ళనే ఎవరో వచ్చి తీసుకెళ్ళారు. ఎవర్ని పట్టుకుపోతే అడిగేవాళ్ళు లేరో ఆ తొమ్మిది మందినీ తనే ఏరి, స్టీలు మీద చెరిగిపోకుండా కొట్టి, దారిన పోయేవాడికి కనబడేట్టు అరలో నిలబెట్టింది. ఆవిడ బియ్యం బస్తా మీద కూర్చుండిపోయింది.

అక్కణ్ణుంచి తిన్నగా కుక్కుటేశ్వరరావుగారి కొట్టుకెళ్ళింది. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే బాధ లేకపోను. రెండు కంచాలూ చూశాడు, మొహం చిట్లించాడు, టీ చెప్పాడు. ఎవరో అమ్ముకుని ఉంటారన్నాడు. బుల్లబ్బాయి లాంటి మనిషి మీద నింద వేస్తే సంఘానికే మచ్చ అన్నాడు. రేపట్నుంచి నీళ్ళెవరు తెస్తారన్నాడు. పోలీసులకి చెబుతానని ఆవిడ లేస్తుంటే అప్పుడు గొంతు తగ్గించాడు.

"వెళ్ళమ్మా, కాదనను. తప్పిపోయినవాడు మీకేమవుతాడని అడుగుతారు. ఏం చెప్తావు? పూర్తి పేరేంటంటారు. ఏం చెప్తావు?"

ఆవిడ టీ తాగకుండా వచ్చేసింది.

బుధవారం కూరలు తరిగే వంతు మాణిక్యాంబది. గోడౌను గుమ్మంలో కూర్చుని వంకాయలు తరుగుతోంది. మీనాకుమారి వెళ్ళి పక్కన కూర్చుంది. ఇద్దరిదీ దాదాపు ఒకటే వయసు, ఒకటే ఒంటరితనం. రెండేళ్ళుగా రోజూ ఏదో ఒకటి మాట్లాడుకుంటూనే ఉన్నారు. నేత గురించి, కరెంటు బిల్లు గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి. ఆ రోజు మాణిక్యాంబ ముందుగా నోరు విప్పింది. రేపు మధ్యాహ్నం తను వెళ్ళిపోతున్నానంది. అక్క కూతురు దేవిశ్రీ వస్తోందట, బుల్లబ్బాయిగారు కబురు తెచ్చారట. వంకాయ వైపు చూస్తూనే చెప్పింది.

మాణిక్యాంబకి అక్కలేదు. తను ఒక్కతే ఆడపిల్లనని, అందుకే నాన్న మగ్గం నేర్పాడని ఆవిడే ఎన్నోసార్లు చెప్పింది. మీనాకుమారి ఆ సంగతి ఎత్తలేదు. సంచీలోంచి పెదబాబు కంచం తీసి వంకాయ ముక్కల పక్కన పెట్టింది.

సముద్రం పక్కన పుట్టినదానికి నైలాన్ తాడు గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. మాణిక్యాంబ ఆ ముక్కని వేళ్ళతో పట్టుకుని చూసింది, కంచం తిప్పి వాసన చూసింది. కత్తిపీట మడిచి పక్కన పెట్టింది. ఆ తర్వాత నెమ్మదిగా నిజం చెప్పింది. చెరువుల దగ్గర పని, గది, తిండి అన్నాడట బుల్లబ్బాయి. పనికని చెబితే సంఘం వాళ్ళు బాధపడతారు, చుట్టాలొచ్చారని చెబితే సంతోషిస్తారు, అందుకని అలా చెప్పమన్నాడట. అన్నం పెట్టినవాళ్ళ మనసు నొప్పించడం ఇష్టంలేక వీళ్ళు అబద్ధమాడారు. పెదబాబూ అంతే, లోవరాజూ అంతే. లడ్డూలు తిన్నది ఎవరు? మనమే.

"రెండేళ్ళయిందండి నేను తలుపేసుకుని పడుకుని," అంది మాణిక్యాంబ. "గదికి లోపల గడియ ఉంటుందన్నాడు. అందుకే ఒప్పుకున్నానండి."

"గడియ బయట ఉంది, మాణిక్యాంబా."

మాణిక్యాంబ చేతికంటిన వంకాయ కసరు చీరకి తుడుచుకుంది. తర్వాత తలెత్తి, కోపం లేకుండా, ఊరికే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "అయితే నేనెక్కడికి వెళ్ళనండీ?"

చూశారా, రెండేళ్ళుగా ఆ మాట ఎవరూ అడగలేదు. అడుగుతారేమోనని మీనాకుమారి కూడా లోలోపల భయపడుతూనే ఉంది. కంచం ఇచ్చింది, అన్నం పెట్టింది, పేరు కొట్టింది. కొట్టు మీద రెండో గది తాళం సంగతి మాత్రం ఏనాడూ ఎత్తలేదు. ఖాళీ కుర్చీకీ ఖాళీ చొక్కాలకీ గదిచ్చి, మనిషికి స్టేషన్ అరుగు ఇచ్చింది. బొడ్డులోంచి తాళాల గుత్తి తీసి, అందులో చిన్న తాళం వేరుచేసి మాణిక్యాంబ చేతిలో పెట్టింది.

ఆ మధ్యాహ్నం వడ్డన అవగానే గది తెరిచారు. చొక్కాలు మూటకట్టారు. మాణిక్యాంబ తలుపు మూసి లోపల గడియ వేసింది. బయట నిలబడ్డ మీనాకుమారికి ఆ చప్పుడు వినపడింది. గడియ తీసింది, మళ్ళీ వేసింది. మళ్ళీ తీసి మళ్ళీ వేసింది. మూడోసారి తర్వాత లోపల్నుంచి ఏడుపు వినపడింది. మీనాకుమారి తలుపు కొట్టలేదు, కిందకి వచ్చేసింది.

కిందకి వచ్చి మిషను తీసింది. గోడౌను అరలో మిగిలిన ఆరు ఉత్త కంచాలూ అప్పటికే సంచీలో తెచ్చి పెట్టుకుంది. ఒక్కో కంచం ఒళ్ళో పెట్టుకుని, పేరుకి ముందున్న ఖాళీలో తన ఇంటిపేరు కొట్టింది. తటవర్తి మాణిక్యాంబ. తటవర్తి భీమరాజు. అలా ఆరూ. అత్తవారు చూస్తే ఏమనేవారో, మొగుడుంటే ఏమనేవాడో అనుకుంది. ఆయన నవ్వేవాడే. తర్వాత బెజ్జాలు పడ్డ రెండు కంచాలూ తీసింది. నాచు గీకి, చింతపండుతో తోమి, వాటి మీదా కొట్టింది. హారతి కంచం దొరకలేదు. కొట్లోంచి కొత్తది తీసి తటవర్తి హారతి అని కొట్టింది. ఆ పిల్ల పేరు ముందు ఒక పేరు పడటం అదే మొదటిసారి. ఆ తర్వాత విజయ్ పాల్‌కి ఫోన్ చేసింది. శుక్రవారం పొద్దున్న తనతో పోలీసు స్టేషనుకొచ్చి, తర్వాత ఆ షెడ్డు చూపించమంది. అతను చాలాసేపు నసిగాడు. ఆ దారిలో మళ్ళీ తిరగనివ్వరేమోనన్నాడు. చివరికి వస్తానన్నాడు.

గురువారం మధ్యాహ్నం తొమ్మిది కంచాలూ అర ముందు వరసలో పెట్టింది. మాణిక్యాంబ సంగతంతా తోటివాళ్ళ చెవిన అప్పటికే వేసింది. అన్నం ఉడికింది, జనం వచ్చారు, వంతుకొచ్చినవాళ్ళు గరిటెలు పట్టుకున్నారు. కుక్కుటేశ్వరరావుగారు కుర్చీలో కూర్చున్నాడు. పన్నెండున్నరకి వాన్ వచ్చింది. బుల్లబ్బాయి ఎప్పటిలాగే తెల్లచొక్కాతో, నవ్వు మొహంతో టిన్ను భుజాన పెట్టుకుని లోపలికొచ్చాడు. మాణిక్యాంబ మూట కట్టుకుని సిద్ధంగా ఉంటుందనుకున్నాడు కాబోలు. ఆవిడ బంతిలో కూర్చుని ఉంది, మూట లేదు. బుల్లబ్బాయి టిన్ను దించి, అర వైపు చూశాడు. దగ్గరికెళ్ళాడు. చదివాడు. బెజ్జాల కంచం చేతిలోకి తీసుకుని బెజ్జంలో వేలుపెట్టి చూసి, మళ్ళీ ఉన్నచోటే జాగ్రత్తగా పెట్టాడు. నవ్వు మాత్రం చెరగలేదు. అది చూసే అందరికీ భయమేసింది.

"పెదబాబు కూడా మీవాడేనాండీ, అక్కగారూ?" అని అడిగాడు.

"తమ్ముడు," అంది మీనాకుమారి. "లోవరాజూ తమ్ముడే. హారతి కూతురు. రేపు ముగ్గురినీ తెచ్చుకోవడానికి వెళ్తున్నాను."

గోడౌనులో గరిటె చప్పుడు కూడా ఆగిపోయింది. కుక్కుటేశ్వరరావుగారు కుర్చీ అంచుకి జరిగాడు. బుల్లబ్బాయి జగ్గులో నీళ్ళు నింపుకుని ఎప్పటిలాగే బంతి మొదటి నుంచి పోయడానికి వంగాడు. మొదటి గ్లాసు మాణిక్యాంబది. ఆవిడ గ్లాసు బోర్లించింది. పక్కన భీమరాజు కూడా బోర్లించాడు. ఒకరి తర్వాత ఒకరు, ఇంటిపేర్లున్నవాళ్ళు కూడా, ముప్ఫై ఒక్క గ్లాసులు బోర్లించారు. అంత ఎండలో ఒక్కరూ నీళ్ళు ముట్టలేదు.

బుల్లబ్బాయి జగ్గు కింద పెట్టి, తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. వెళ్తూ వెళ్తూ మీనాకుమారి పక్కన ఆగాడు. మాట ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

"మంచిదండి. ఇన్నాళ్ళూ మీకు కూడా ఎవరూ లేరనుకున్నాను."

ఆ మాట వేరేవాళ్ళ నోట వింటే ఆవిడ జాలి అనుకునేది. వీడి నోట వింటే, అర ముందు నిలబడి కంచాలు చదివిన రోజు గుర్తొచ్చింది. తన పేరు కూడా వాడు ఎప్పుడో చదివే పెట్టుకున్నాడని అర్థమైంది. నిజానికి వాడన్నదాంట్లో అబద్ధమేముంది? రేపు తను తిరిగి రాకపోతే కొట్టు తలుపు ఎవరు తట్టి అడుగుతారు?

సాయంత్రం ఐదింటికి కొట్టు ఎదురుగా రోడ్డుకి అవతల వాన్ వచ్చి ఆగింది. ఇంజను ఆపేశారు. అద్దాలు ఎక్కించి ఉన్నాయి. లోపల బుల్లబ్బాయే ఉన్నాడో, ఇంకెవరైనా ఉన్నారో కనబడలేదు. మీనాకుమారి మూడుసార్లు గుమ్మం దాకా వెళ్ళి మూడుసార్లు వెనక్కొచ్చింది. కుక్కుటేశ్వరరావుగారు తన కొట్టు షట్టరు సగం దాకా దించి, ఆ సగంలో నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడు. పక్క కొట్లవాళ్ళు ఒక్కొక్కళ్ళే పెందరాళే కట్టేసి వెళ్ళిపోయారు. విజయ్ పాల్‌కి ఫోన్ చేస్తే మోగుతోంది గానీ ఎత్తడం లేదు. అతను పొద్దున్న వస్తాడా రాడా అనేది ఆవిడకి తెలియదు. వచ్చినా రాకపోయినా వెళ్ళాల్సిందేనని మాత్రం తెలుసు.

దీపాలు పెట్టేవేళకి మాణిక్యాంబ పైగదిలోంచి దిగొచ్చింది. చేతిలో తన కంచం ఉంది. కొట్టు మెట్ల మీద వాన్‌కి ఎదురుగా కూర్చుని కంచం ఒళ్ళో పెట్టుకుంది. కాసేపటికి స్టేషన్ వైపు నుంచి భీమరాజు వచ్చాడు. అతను గోడౌనులోంచి తన కంచం తెచ్చుకున్నాడు. అతని వెనక ఇంకో నలుగురు, తర్వాత ఏడుగురు. ఇంటిపేరున్నవాళ్ళు కూడా, ఎక్కడో కొడుకున్న ముసలామె కూడా కర్రపట్టుకుని వచ్చింది. ఎవరూ ఎవర్నీ రమ్మని పిలవలేదు. ఎందుకొచ్చారని మీనాకుమారి అడిగింది. వంతండీ, అన్నాడు భీమరాజు, ఇవాళ మా వంతు.

మెట్లు నిండిపోయాయి, అరుగు నిండిపోయింది. ముప్ఫై ఒక్క మంది ఒళ్ళో కంచాలు పెట్టుకుని రోడ్డు వైపు మొహాలు తిప్పి కూర్చున్నారు. మీనాకుమారి మిగిలిన మూడు కంచాలూ తెచ్చి వాళ్ళ మధ్యన ఖాళీలు చేసి పెట్టింది. పెదబాబుకొకటి, లోవరాజుకొకటి, హారతికొకటి. తను మాణిక్యాంబ పక్కన కూర్చుంది.

వాన్ కదల్లేదు. వీళ్ళూ కదల్లేదు.